దారి మరిచిన అంగడి

అక్షరాలు ఈమధ్యే నేర్చుకున్నాను కాబట్టి ఇది ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

ప్రొద్దుటూరులో జాకెట్ గుడ్డల అంగడి పెట్టినప్పుడు అల్మారాలు, బల్ల ఎక్కడుండాలో నేనే చెప్పి చేయించాను. గుడ్డలు ఎవరూ తాకకుండా బల్లను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేయించాను. వడ్రంగి చివరి పలక బయట నుంచే బిగించి వెళ్లాడు.

ముహూర్తానికి బంధువులంతా వచ్చారు. బల్ల అవతల, లోపల పాలు పొంగించాలి.

"కుడికాలు పెట్టి పోమ్మే," అన్న మా అత్తే ఆగి, "యాడ నుంచి పోతావు? దారేదీ?" అంది.

అందరూ నవ్వారు.

"తెలిసినోళ్లకు ఇడ్సిపెట్టమంటే నా మాట ఇంటివా?" అన్నాడు మా ఆయన.

ముహూర్తం దాటిపోతోంది. కుచ్చిళ్లు దోపుకుని, బల్లెక్కి అవతలికి దిగి, కుడికాలే ముందు మోపాను. పాలు పొంగాయి. అంగడి నాదైనప్పుడు తప్పు దిద్దేదీ నేనే అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే వడ్రంగిని పిలిచి, అత్తను బల్లకు ఆనించి నిలబెట్టి, ఆమెకు అటూ ఇటూ సుద్దగీతలు గీసి, అంత వెడల్పున దారి కోయించాను.