కాంపౌండరు దేవదానం అనుమానాలు

చోడవరం పశువుల ఆసుపత్రి కాంపౌండరు దేవదానానికి ఒకటే జబ్బు, అనుమానం. దానికి ఆయన దగ్గర మందు లేదు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన ఒక కన్ను తెరిచి ఉంచేవాడు, ఇంకెవరైనా తెరిచారేమో చూడ్డానికి. బావమరిది మాడుగుల నుంచి హల్వా తెస్తే, తినే ముందు బస్సు టిక్కెట్టు చూపించమన్నాడు. చూపించాక, ఇది ఎవరి టిక్కెట్టని అడిగాడు.

పంతొమ్మిది వందల యాభై ఆరులో అలాంటి మనిషి చేతిలో పడింది చిన్నమ్మి. ఆమెకు పందులే బతుకుతెరువు. అవి వీధుల్లో తిరక్కూడదని ఆ యేడు చాటింపు వేయిస్తే, ఉన్నదంతా ఊడ్చిపెట్టి గచ్చు చేసిన దొడ్డి కట్టించింది. పందులకి మేడ కట్టిందని ఊరు నవ్వింది. ఆ మేడలో పెద్ద పంది తొమ్మిది పిల్లల్ని ఈనింది. మూడు వారాలు తిరిగేసరికి పిల్లలు నీరసించి, రొప్పుతూ మూలకి చేరాయి. రెండు చచ్చిపోయాయి. చిన్నమ్మి దిష్టి తీసింది, ఎదురింటివాళ్ళకి వినపడేలా నాలుగు తిట్టింది, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తింది.

దేవదానం వస్తూనే ముందు ఆమెనే అనుమానించాడు. తవుడు వాసన చూశాడు. కుడితిలో చెయ్యి పెట్టి అడుగుదాకా దేవాడు. ఆ తరవాత ఒక పిల్లని ఎత్తి కనురెప్ప తిప్పి చూశాడు. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు. రక్తంలో ఇనుము లేదు," అన్నాడు.

తల్లిపాలలో ఇనుము చాలదనీ, పిల్లలు మట్టి తవ్వుకుని అది సంపాదించుకుంటాయనీ, ఈ గచ్చు మీద వాటికి మట్టన్నదే లేకుండా పోయిందనీ చెప్పాడు. ఇనుము ఉండే అన్నభేది కలిపిన నీళ్ళు రోజూ తల్లి పొదుగుకి పూస్తే పాలతోపాటు పిల్లల కడుపులోకి పోతుంది. మూలన బుట్టెడు ఎర్రమట్టి పొయ్యాలి. తల్లికి తవుడులో ఎముకల పిండి, ఉప్పు కలపాలి.

చిన్నమ్మి అన్నభేది పొట్లం కోసం చెయ్యి చాపింది. ఆయన పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

"నీ చేతికిస్తే పూస్తావని నమ్మకమేటి? నేనే వస్తాను."

అన్నట్టే రోజూ పొద్దున్నే సైకిలు మీద దిగేవాడు. పలచన చేస్తుందేమోనని అన్నభేది తనే కలిపాడు. రోడ్డు పక్క మట్టి ఎత్తుకొస్తుందేమోనని చీడికాడ కొండ దగ్గరనుంచి ఎర్రమట్టి గోనెలో తనే తెచ్చాడు. సగం పొదుగుకే పూసి ఊరుకుంటుందేమోనని గచ్చు మీద చతికిలబడి మొత్తం తనే పూశాడు. ఒకరోజు పందికి విసుగొచ్చి, మూతితో ఎత్తి ఆయన్ని కుడితి తొట్టిలో పడేసింది. ఆయన లేచి, పందిని వదిలేసి, చిన్నమ్మి వైపు అనుమానంగా చూశాడు.

చిన్నమ్మికీ అనుమానాలు మొదలయ్యాయి. సర్కారు మనిషి తన పంది పొదుగు ముందు రోజూ ఎందుకు కూర్చుంటాడు? క్రిస్మస్ దగ్గర పడుతోంది, విందు కోసం ఓ పిల్ల మీద కన్నేశాడని తేల్చుకుంది. ఆయన సైకిలెక్కగానే పిల్లల్ని లెక్కపెట్టేది. ఏడూ ఉండేవి. ఉన్నందుకు అనుమానం ఇంకా పెరిగేది.

పది రోజులకి పిల్లల చిగుళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో వారానికి దొడ్డంతా ఒకటే పరుగులు. అయినా దేవదానం రాక మానలేదు. తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకు రావడమని ఆమె ఉండబట్టలేక అడిగింది.

"తగ్గిందని నువ్వంటన్నావు," అని ఆయన పని ఆయన చేసుకున్నాడు.

నలభయ్యో రోజు జీపులో పెద్ద డాక్టరు దిగాడు. ఆయన చేతిలో ఒక అర్జీ ఉంది. ఈ దొడ్డిలో పందులు అంటురోగంతో చస్తున్నాయనీ, ఊరంతటికీ ప్రమాదమనీ, అన్నిటినీ తీసేయించాలనీ ఎవరో పేరు పెట్టకుండా రాశారు. చిన్నమ్మి వెళ్ళి పిల్లలకి అడ్డంగా నిలబడింది.

డాక్టరు తల్లినీ పిల్లల్నీ పరీక్ష చేశాడు. ఇవి బాగానే ఉన్నాయి గానీ, మధ్యలో ఇంకొన్ని చస్తే గుట్టుగా పాతెయ్యలేదని నమ్మకమేమిటని అడిగాడు. దేవదానం ముందుకొచ్చాడు.

"నలభై రోజులు ఈ మనిషిని రోజూ అనుమానించేను సార్. ఏటీ దొరకలేదు."

డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. దేవదానం సంగతి జిల్లాలో పశువుల ఆసుపత్రులన్నిటికీ తెలుసు. ఇతనికే దొరకలేదంటే పోలీసులొచ్చినా దొరకదని నవ్వి, అర్జీ మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు.

చిన్నమ్మికి అప్పుడు వెలిగింది. ఈ అర్జీ సంగతి ముందే తెలుసా అని అడిగింది. ఆమె ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన రోజు పొద్దున్నే అది వచ్చిందనీ, రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యం చెప్పేవాడు ఒకడు కళ్ళారా చూసి ఉండాలి కదా అనీ ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"మరి నాకొక్క మాట సెప్పలేదేటి బాబూ?"

"చెప్తే నీకు నిద్ర పట్టేదా?"

ఆమె మెల్లగా ఎదురింటి వైపు చూసింది. "కాయితం నువ్వు సూసేవు గదా. ఆ రాత ఎవులిది?"

దేవదానం ఎదురిల్లు తప్ప అన్ని వైపులా చూశాడు. సైకిలు స్టాండు తీశాడు.

"నాకేటి తెలుసు చిన్నమ్మీ. సాటి మనుషుల్ని ఊరికే అనుమానించకూడదు."