బస్సమ్మ కిటికీ సీటు

బడి పిల్లలు ఆమెను బస్సమ్మ అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆ పేరు ఇంటిపేరులా అతుక్కుపోయింది. టీచర్లదీ అదే పిలుపు, షెడ్డులో మెకానిక్కుదీ అదే పిలుపు. కట్టుకున్నవాడికి కూడా కాస్త చిరాకేస్తే నోట్లోంచి అదే వస్తుంది.

నిజానికి ఆమె బస్సు నడపడానికి చేరలేదు. పిల్లల చేతులు పట్టుకుని ఎక్కించి దింపే ఆయాగా చేరింది. అప్పటి డ్రైవరు ఒక ముక్కోపి ముసలాయన. సెలవు రోజుల్లో ఖాళీ మైదానంలో ఆమెకు స్టీరింగు అప్పజెప్పి, పక్కన కూర్చుని, "బస్సు గేదెలాంటిదమ్మా. అదిలిస్తే బెదురుతుంది, బతిమాలితే మొరాయిస్తుంది. మధ్యలో ఎక్కడో పట్టుకోవాలి" అంటూ నేర్పాడు. ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు బస్సుతో పాటు ఒక అలవాటు కూడా అప్పగించి వెళ్లాడు. ట్రిప్పు అయిపోయి ఇంజను ఆపాక చివరి సీటు దాకా నడవాలి. నడుం వంచి ప్రతి సీటు కిందా చూడాలి. ఆయన చేరిన కొత్తలో ఒక పసివాడు వెనక సీటు కింద నిద్రపోయి, షెడ్డు తలుపులు పడ్డాక లేచాడట. "ఆ ఏడుపు నేను విన్నాను. నువ్వు వినకు" అన్నాడు. అప్పటినుంచి ఒంట్లో బాగున్నా బాగోకపోయినా ఆమె ఆ నడక మానలేదు.

ఆమె భర్తది కిటికీలకు తెరలు కుట్టే పని. మనిషి నెమ్మదస్తుడు. అద్దాలు పెట్టుకున్నా దూరపువి మసకే, అందుకే లైసెన్సు దాకా వెళ్లనే లేదు. సూదిలో దారం ఎక్కించడం తప్ప తన కొడుక్కి ఇంకే డ్రైవింగూ రాదని అత్తగారే అందరి ముందూ అంటుంది. కాబట్టి బడికి సెలవులిచ్చాక, పిల్లల్ని తీసుకుని కొండల మీది నేషనల్ పార్కులు చూసొద్దామని ఇంట్లో అనుకున్నప్పుడు, బండి ఎవరు నడపాలన్న ప్రశ్నే పుట్టలేదు. మరిది తన వ్యాను ఇచ్చాడు. "వదినా, గీత పడకుండా తెచ్చివ్వు. పడితే మాత్రం అన్నయ్య చేత తెర కుట్టించి కప్పెయ్" అని తాళాలు చేతిలో పెట్టాడు.

అందరూ ఎగిరి గంతేశారు. ఆమె కూడా సంతోషించింది గానీ, లోపల ఒక చిన్న కోరిక దాచుకుంది. ఏడాది పొడుగునా ఆమెకు తెలిసిన లోకమంతా ముందున్న బండి వెనకభాగమూ, నెత్తి మీది అద్దంలో పిల్లల తలకాయలూను. ఒక్కసారి కిటికీ పక్కన కూర్చోవాలి. బండి ఇంకెవరో నడపాలి. పక్కకు తిరిగి తనివితీరా చూడాలి. అంతే. పెద్ద కోరికేమీ కాదు, కానీ తీరే దారి ఒక్కటే కనిపించింది. మూడో పార్కులో సొంత బండ్లను గేటు దాటనివ్వరు. వాళ్ల బస్సే ఎక్కించుకుని పైన లోయ అంచు దాకా తీసుకెళ్తుంది. ఆ సంగతి ముసలి డ్రైవరే ఒకసారి చెప్పాడు. "మన లాంటి వాళ్లు కాలు మీద కాలేసుకుని కూర్చునే చోటు అదొక్కటేనమ్మా" అన్నాడు. అందుకే దాన్ని ఆఖరుకు పెట్టుకుంది, పిల్లలు కేకు మీది చెర్రీని చివరిదాకా దాచుకున్నట్టు.

మొదటి పార్కులో సరస్సు చుట్టూ రోడ్డు. వెనకనుంచి ఒకటే కేకలు. "అమ్మా, జింక." "ఎక్కడే?" "అదిగో, చెట్టు పక్కన." "ఏ చెట్టే, అన్నీ చెట్లేగా" అని నాన్నమ్మ. బస్సమ్మ తల కాస్త తిప్పిందో లేదో, పక్క సీట్లోంచి భర్త, "నువ్వు రోడ్డు చూడు, జింకను మేం చూస్తాం కదా" అన్నాడు. జింక ఎలా ఉందో ఆమెకు తెలియదు. సరస్సు మాత్రం అద్దంలో అరచేతి ముక్కంత కనిపించింది. అందులో సగం కొడుకు చెవే. బండి ఆపి దిగే సరికి ఆ కొడుకే, నాలుగేళ్ల వాడు, తిన్న గుడ్డూ బిస్కెట్లూ వ్యాను మెట్టు మీద కక్కేశాడు. నీళ్లు పోసి కడిగి, చొక్కా మార్చి, తుడిచిన గుడ్డ పిండేలోపు, కాపలావాడు ఈల వేసి బండి తీయమన్నాడు. కదిలే ముందు ఆమె అలవాటు చొప్పున వెనక తలుపు తీసి, సీట్ల కింద వంగి చూసింది.

"నేనింకా సీటు మీదే ఉన్నాను అమ్మాయ్, కింద వెతక్కు" అంది అత్తగారు.

"మీరు ఉన్నారని తెలుసు అత్తయ్యా. మీ చెప్పులున్నాయో లేదో చూస్తున్నా."

రెండో పార్కులో జలపాతం. అక్కడికి చేరేసరికి చిన్నవాడు దుంగలా పడి మొద్దునిద్ర. లేపితే అందరి ప్రాణం తోడేస్తాడు. "నువ్వెళ్లు, నేనుంటాను" అంది అత్తగారు, మోకాళ్లు రుద్దుకుంటూనే. ఇంత దూరం వచ్చిన పెద్దావిడను బండిలో కూర్చోబెట్టి తాను ఎలా వెళ్తుంది? అత్తగారిని పంపి తనే ఉండిపోయింది. దూరంగా నీటి హోరు వినిపిస్తూనే ఉంది, ఎవరో ఇంట్లో కొళాయి కట్టెయ్యడం మరిచిపోయినట్టు. భర్త తడిసిన అద్దాలతో తిరిగొచ్చి ఫోను చూపించాడు.

"చూడు, ఎంత బాగుందో."

"బాగుంది" అంది. ఫోటోలో నీళ్ల కంటే అత్తగారి గొడుగు ఎక్కువ కనిపిస్తోంది.

పక్క నుంచి కూతురు ఆమె ముఖంలోకి చూసింది. ఏడేళ్లది. ఇంట్లో అందరూ దాన్ని పెద్దది అంటారు, అదీ అలాగే ఉంటుంది. "నువ్వు చూడలేదుగా అమ్మా" అంది.

"రేపు చూస్తాలే. రేపు మనకు వేరే డ్రైవరు."

మూడో రోజు పొద్దున బసలో పరుపు అంచున కూర్చుని, పట్టేసిన భుజం తనే పిసుక్కుంటూ, భర్తతో చెప్పింది. "ఏమండీ, ఇవాళ పిల్లలు మీ పూచీ. వాడు కక్కినా మీరే, ఏడ్చినా మీరే. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాను."

"అంతకంటేనా. హాయిగా రెస్టు తీసుకో" అన్నాడతను.

ఆమె అన్నదొకటి, అతను పట్టుకున్నదొకటి. అతని తప్పూ కాదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఆమె ఏడాదంతా అనేది ఒకటే మాట, ఒక్క కునుకు పడితే చాలని. పదేళ్లుగా అదే విన్న మనిషికి ఇంకో కోరిక కూడా ఉంటుందని ఎలా తోస్తుంది?

మధ్యాహ్నం ఎక్కిన పార్కు బస్సు పెద్దది, కిటికీలు మోకాళ్ల దాకా ఉన్నాయి. వెనక వరసలో కిటికీ సీటు దొరికింది. చేతులకు పట్టుకోవడానికేమీ లేక ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలింది. మొదటి మలుపులో గడ్డి మైదానం కనిపించింది, పసుపు పచ్చగా, గాలికి ఒక పక్కకు వాలుతూ. ఎంత తీరిగ్గా తిప్పాడో ఈ డ్రైవరు, అనుకుంది. అద్దం చల్లగా ఉంది. నుదురు ఆనించింది. రెండో మలుపు ఆమె చూడలేదు.

కళ్లు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది. ఇంజను చప్పుడు లేదు. ఒంటి మీద అత్తగారి శాలువా. పక్క సీటు ఖాళీ, ముందు సీటు ఖాళీ, బస్సంతా ఖాళీ. నడవలో ఒక మనిషి ఒక్కో సీటు దగ్గరా వంగి, కింద చూసుకుంటూ వస్తున్నాడు.

"పిల్లలేరీ?" అంటూ లేచింది.

"కంగారు పడకండమ్మా, పైన లోయ దగ్గరున్నారు, మీవాళ్లతోనే" అన్నాడు బస్సు డ్రైవరు. జుట్టు నెరిసిన మనిషి. "మీరు లేస్తారేమోనని రెండు సార్లు పైకీ కిందకీ తిప్పాను. ఇప్పుడు కింద గేటు దగ్గరున్నాం."

"నన్నెవరూ లేపలేదా?"

"మీ ఆయన లేపొద్దన్నారు. ఏడాదంతా బస్సు తోలే మనిషండీ, ఒక్క రోజు పడుకోనివ్వండి అన్నారు. మీ అత్తగారు శాలువా కప్పారు. పాప ఒక్కతే దిగనని సీటు పట్టుకుని ఏడ్చింది. అమ్మ చూస్తానంది, అమ్మ చూస్తానంది అని. చివరికి వాళ్ల నాన్న ఎత్తుకుని దింపారు."

బస్సమ్మ మళ్లీ కూలబడింది. కోపం రావాలి. రాలేదు, దానికి కూడా ఓపిక ఉండాలిగా. శాలువా మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. ఇంత దూరం నడుపుకొచ్చి, అనుకున్న ఒక్కటీ చూడకుండా, బడి పిల్లాడిలా వెనక సీట్లో మిగిలిపోయింది.

"సీట్ల కింద చూస్తున్నారు" అంది కాసేపటికి.

"అలవాటమ్మా. చూడకపోతే ఇంటికెళ్లాక అన్నం సయించదు."

"నాకూ అంతే."

డ్రైవరు ఆమెను ఒకసారి కొత్తగా చూశాడు. "ఇది నా ఆఖరి ట్రిప్పు. పైనున్న వాళ్లని దింపుకురావాలి. ఎలాగూ ఖాళీగానే వెళ్తాను. ముందుకొచ్చి కూర్చోండి" అన్నాడు.

ముందు సీట్లో కూర్చుంది. బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. మలుపు రాగానే ఆమె కుడికాలు నేలను నొక్కింది. ఎదురుగా జీపు వస్తే చేయి దానంతటదే హారను కోసం లేచింది. ఇంకో మలుపులో, "గేరు మార్చరా?" అని అనేసి నాలుక కరుచుకుంది.

డ్రైవరు నవ్వాడు. "అమ్మా, మీ కాలికి కాస్త సెలవివ్వండి. రోడ్డు నాది. మీరు పక్కకు చూడండి."

పక్కకు చూసింది. మెడ అటు తిప్పి ఉంచడానికి కూడా మొదట కష్టపడాల్సొచ్చింది. కొమ్మల మధ్య నుంచి సాయంత్రపు ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఒక వాగు రోడ్డుతో పాటే కొంతదూరం వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు మళ్లిపోయింది. గడ్డిలో ఏదో కదిలి, తల పైకెత్తింది. జింకే. నములుతూ నములుతూ ఆగి, బస్సును చూసి, మళ్లీ నమలసాగింది. ఎవరూ కేకలు వేయలేదు. ఆమె దాన్ని మలుపు తిరిగేదాకా చూసింది.

పైన అందరూ బస్సు కోసం వరసలో నిలబడి ఉన్నారు. చిన్నవాడు తండ్రి భుజం మీద వేలాడుతున్నాడు. తండ్రి చొక్కా చూస్తే ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దది మాత్రం వరసలో లేదు. లోయ వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు ముఖం పెట్టి, రాయి మీద కూర్చుని ఉంది.

"చూడవే అంటే చూడదు" అంది అత్తగారు. "వచ్చినప్పటినుంచీ అలాగే. ఎవరి మొండితనమో మరి."

"మావైపుది కాదు అత్తయ్యా."

భర్త దగ్గరికొచ్చాడు. "పడుకున్నావా బాగా?" అన్నాడు. ఆమె ముఖం చూశాక అద్దాలు తీసి, తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. "పడుకోవడం కాదా నువ్వడిగింది?"

"చూడ్డం అండీ."

అతను అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తరవాత డ్రైవరు వైపు తిరిగి, "వీళ్లంతా ఎక్కేలోపు రెండు నిమిషాలు ఆపుతారా అన్నా?" అని అడిగాడు.

"మీ అమ్మగారు మెట్టెక్కే సరికే అంత పడుతుందిలెండి" అన్నాడు డ్రైవరు.

పెద్దది అప్పటికే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఇద్దరూ లోయ అంచున ఉన్న కమ్మీల దాకా నడిచారు. లోయ సగానికి పైగా నీడతో నిండిపోయింది. అవతలి అంచు మాత్రం ఇంకా వెలుగులో ఉంది, ఎర్రగా, పొరలు పొరలుగా. అడుగున నది ఉందన్నారు గానీ చీకట్లో కలిసిపోయింది. ఏదో పక్షి కిందనుంచి, వాళ్ల పాదాల కంటే చాలా కిందనుంచి, ఎగిరి వెళ్లింది. పక్షి వీపు ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకు చూడలేదు.

"ఇంతేనా?" అంది పెద్దది. "నేనింకా పెద్దదేమో అనుకున్నా."

"ఇంకాస్త చూడు."

చూశారు. వెనక హారను మోగింది, ఒకసారే, మెల్లగా. తొందరపెట్టే హారనో బతిమాలే హారనో ఆమెకు బాగా తెలుసు. ఇది బతిమాలేదే. ఇంకాస్త నిలబడి, అప్పుడు వెనక్కి తిరిగింది.

కిందికి దిగేటప్పుడు కిటికీ బయట ఏమీ కనిపించలేదు. పెద్దది ఒళ్లో నిద్రపోయింది. బరువుగా ఉంది. గేటు దగ్గర దిగి వ్యాను దాకా మోసుకొచ్చేసరికి భుజం మళ్లీ పట్టేసింది. బస దాకా తనే నడపాలి. ఎల్లుండి ఇంటి దాకా తనే నడపాలి. సీట్లో కూర్చుని, తాళం పెట్టి, మళ్లీ దిగబోయింది.

"కూర్చో, కూర్చో. నేను చూస్తాను" అన్నాడు భర్త. వెనక తలుపు తీసి, నడుం వంచి, చీకట్లో సీట్ల కింద చేత్తో తడుముతూ చాలాసేపు వెతికాడు. ఒక చిన్న చెప్పు, ఉడికిన గుడ్డు ముక్క, నాన్నమ్మ గొడుగు దొరికాయి.

"అందరూ ఉన్నారా?" అని అడిగింది అద్దంలోకి చూస్తూ.

"పిల్లలున్నారు, అమ్మ ఉంది." ముందుకొచ్చి, ఆమె వైపు కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు. "నువ్వూ ఉన్నావు. పోనీ."