నవత పరీక్ష, సర్దారు కాపలా

ఇల్లందులో నవత గురించి ఎవరిని అడిగినా ఒకటే చెప్తారు: రోడ్ల ఇంజనీరమ్మ, బస్సులో కూడా చదువుతుంది. సోమవారం పొద్దున చర్లకు బయల్దేరితే శనివారం సాయంత్రానికి ఇల్లు చేరేది. కిటికీ అవతల టేకు చెట్లు వెనక్కి పరిగెత్తుతుంటే, ఒళ్ళోని రంగురంగుల కార్డులు ఒక్కొక్కటిగా ముందుకు నడిచేవి. కార్డు మీద ఒక ప్రశ్న. పనిలో చిక్కు వచ్చింది, మేనేజరు మొదట ఏం చేయాలి? కింద నాలుగు జవాబులు. నాలుగూ మంచివాళ్ళలాగే నవ్వుతాయి. సరైనది ఒక్కటే.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్ష అది. ఏడాదిలో మూడుసార్లు రాయనిస్తారు. ఆమెకు రెండు అయిపోయాయి. ఈలోగా చర్ల దగ్గర వాగు మీద వంతెన కట్టే పని ఆమె కంపెనీకి వచ్చింది. ఆ వాగు వానల్లో ఎక్కడిదాకా పొంగుతుందో, ఏ ఊరివాళ్ళు ఎక్కడ దాటుతారో మూడేళ్ళుగా చూస్తున్న మనిషి నవతే. అయినా సర్టిఫికెట్ ఉంటేనే వంతెన ఆమె చేతికి. లేకపోతే హైదరాబాద్ నుంచి ఇంకెవరో వస్తారు, వాగును మొదటిసారి చూసి అబ్బురపడతారు.

మొదటిసారి తన తొందరవల్లే పోయింది. సైటులో తారు చల్లారేలోపు నిర్ణయం తీసుకోవాలి. ఆ అలవాటుతో 'వెంటనే' అన్న మాట ఏ జవాబులో కనబడితే దాన్ని నొక్కేసింది. ఆ తర్వాత నుంచి ఆదివారాలు కార్డులు పట్టుకుని తండ్రి ముందు కూర్చునేది. వెంకన్న ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బావిలో పనిచేసి, సర్దారుగా రిటైరయ్యాడు. షిఫ్టులో దిగిన మనుషులందరినీ క్షేమంగా పైకి తేవడం సర్దారు పూచీ. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ప్రశ్నను నవత తెలుగు చేసి చెప్పేది.

"మేస్త్రీలిద్దరు కొట్లాడుతున్రు నాయినా. ఒకణ్ణి తీసేస్తవా, పై ఆఫీసరుకు చెప్తవా, పని ఆపేస్తవా, ఇద్దర్ని కూసోబెట్టి అడుగుతవా?"

"కూసోబెట్టి అడుగుత. ఒకణ్ణి తీసేస్తే రేపు వాని పని నువ్ జేస్తవా?"

"కరెక్టే."

"మరి గిదానికి గింత పరీక్షెందుకే? ఒక్క ఛాయ్ పోస్తే నేనే చెప్పేటోణ్ణి."

రెండోసారి ఇంట్లోనే, కంప్యూటర్ కెమెరా ముందు రాసింది. ఎక్కడో కూర్చున్న మనిషి ఆ కెమెరాలోంచి కనిపెడుతుంటాడు. గదిలోకి ఎవరూ రాకూడదు, బయటి మాట వినబడకూడదు. నూటపదో ప్రశ్న దగ్గర తల్లి సోమమ్మకు మనసు ఆగలేదు. మజ్జిగ గ్లాసుతో లోపలికొచ్చి, "ఒక్క గుటక తాగి రాసుకోయే" అంది. తెర తెల్లబడింది. పరీక్ష రద్దయింది. ఆ తర్వాత నెల రోజులు ఆ ఇంట్లో ఎవరూ మజ్జిగ మాట ఎత్తలేదు.

మూడోసారికి హైదరాబాద్ సెంటరులో చోటు దొరకలేదు. మళ్ళీ ఇల్లే. ఈసారి కాపలా వెంకన్న తీసుకున్నాడు.

బావిలో బొగ్గు పేల్చేముందు, ఆ చోటికి వచ్చే ప్రతి దారిలో ఒక మనిషిని నిలబెడతారు. నిలబెట్టినవాడే స్వయంగా వచ్చి తీసేదాకా ఆ మనిషి కదలడు, ఎవరినీ రానివ్వడు. వెంకన్న తమ గల్లీలో ఆ పద్ధతే పెట్టాడు. గల్లీకి ఒకటే దారి, అటు చివర గోడ. ఇటు మొదట్లో కాపలాకు, తనతో కలిసి బావి దిగిన పాత జతగాడు వీరన్న. గది తలుపు దగ్గర తను. ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడు.

"తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాక మిక్సీ బంద్, టీవీ బంద్."

"మరి కుక్కకు ఎవరు చెప్తరు సర్దారూ?" పక్కింటావిడ అడిగింది.

"దానికి పొద్దుగాల్నే బువ్వ పెడ్త. పంటది."

మే నెల. గల్లీ నీళ్ళడుగున ఉన్న ఊరిలా మెదలకుండా ఉంది. రేల చెట్టు ఒక్కటే పసుపు గుత్తులు ఊపుకుంటూ తన ఇష్టం వచ్చినట్టు ఉంది. పదిన్నరకు గాలి లేచింది. పూలతో సహా ఒక కొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడింది. వరండాలో ఫ్యాను నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగిపోయింది.

నెట్‌కు భయం లేదు, అది బ్యాటరీతో నడిచే చిన్న వై-ఫై డబ్బా నుంచి వస్తోంది. కానీ ల్యాప్‌టాప్ రెండు గంటలకు మించి నిలవదు. పరీక్ష ముగియడానికి ఇంకా దాదాపు మూడు గంటలుంది. సోమమ్మ పెరట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లైన్‌మన్ గోపాలుకు ఫోన్ చేసింది.

గోపాలు పదకొండున్నరకు భుజాన నిచ్చెనతో వచ్చాడు. వీరన్న కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు."

"కరెంటు జెయ్యాలె కాకా."

"మెల్లగ మాట్లాడు. సర్దారొచ్చి చెప్తెనే లోపలికి."

"నన్ను పిలిచిందే వాళ్ళింటోళ్ళు!"

"గావచ్చు. బావిల మేనేజరునే ఆపిన నేను. నువ్వెంత?"

సోమమ్మ పరుగున వచ్చింది. "పోనియ్యి వీరన్నా, బ్యాటరీ అయిపోతది."

"వదినె, నీ మాట మీద వదిలితే వెంకన్న మళ్ళ నా మొకం చూడడు. నిలబెట్టినోడే రావాలె."

"మీరు బావిలకెల్లి బయటికొచ్చిండ్రా, ఇంకా రాలేదా?" అన్నాడు గోపాలు నిచ్చెన దించుతూ.

సోమమ్మ తిరిగొచ్చి భర్త చెవిలో చెప్పింది. వెంకన్నకు తన పద్ధతే కాళ్ళకు చుట్టుకుంది. అక్కడికి తనే వెళ్ళాలి. ఇక్కణ్ణుంచి తను కదలకూడదు. ముప్పై నాలుగేళ్ళలో కాపలా వదిలిన రోజు లేదు. తలుపు అవతల మౌస్ టిక్కు టిక్కుమంటోంది. కాసేపు విన్నాడు. లేచి, భార్యకు కుర్చీ చూపించాడు.

"నువ్వు కూసో."

"నేనా? పోయినసారి చెడగొట్టిందే నేను."

"అందుకే. నీ అంత భయంగ ఇంకెవరు కాస్తరు?"

చెప్పులు చప్పుడవుతాయని విడిచేశాడు. కాలిపోతున్న సిమెంటు మీద, పూలు రాలిన చోట్లు వెతుక్కుని అడుగులు వేస్తూ వెళ్ళాడు. ఆయన్ని చూసి వీరన్న లేచి నిలబడి కర్ర తీశాడు.

లోపల బ్యాటరీ తొమ్మిది శాతానికి దిగింది. నవత ఆ అంకెను చూడటం మానేసింది. పని ఆలస్యమవుతోంది, మేనేజరు మొదట ఏం చేయాలి? వేలు 'వెంటనే' దాకా వెళ్ళి ఆగింది. ఎందుకు ఆలస్యమైందో ముందు తెలుసుకోవాలి. దాన్ని నొక్కింది. తర్వాతి ప్రశ్ననూ రెండుసార్లు చదివింది. నాలుగు శాతం దగ్గర తలపైన ఫ్యాను కదిలింది. గాలి ఎంత చల్లగా తగిలిందంటే, ఆ ప్రశ్నను మూడోసారి చదవాల్సి వచ్చింది.

ఒంటిగంటా ఇరవైకి చివరి జవాబు పంపింది. తెర కాసేపు ఆలోచించి, పాస్ అని చూపించింది.

తలుపు తీస్తే సోమమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుని ఉంది. వెంకన్న మెట్ల మీద నిలబడి, ఏమైందని చేత్తో అడిగాడు.

"పాసైన నాయినా."

"ఇగ మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు."

"పాసైందీ!" అని గల్లీకంతా వినబడేలా కేకేశాడు.

ఒక ఇంట్లో మిక్సీ మొదలైంది. ఇంకో ఇంట్లో టీవీ, ఇంకో ఇంట్లో కుక్కరు, ఎవరో పిల్లను తిట్టడం, ఆ పిల్ల తిరిగి తిట్టడం. నవత ఒక చెవి మూసుకుని ఆఫీసుకు ఫోన్ చేసింది.

"వంతెనకు ఇంకెవర్నీ పిలవకండి సార్," అంది. "సోమవారం మధ్యాహ్నానికల్లా నేను వాగు దగ్గర ఉంటా."