జబ్బ పట్టి లాగకండి

"ఇంకా పట్టుకునే ఉన్నావేటే?"

"ఒగ్గీసి సేనాసేపయింది మావా. నువ్వే నడుస్తన్నావు."

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. దొడ్లోంచి ఇంట్లోకి వస్తున్నాడు. పక్షవాతంతో చచ్చుబడిన ఆయన ఎడం పక్కనే నేనూ నడుస్తున్నాను. నా చెయ్యి ఆయన నడుం దగ్గరే ఉంది, తగలడం మాత్రం లేదు. ఆ మాట విని నవ్వాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గంజి వెచ్చబెడదామని నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. టెక్కలి తీసుకెళ్లాం. బీపీ పెరిగి తలలో నరం చిట్లిందన్నాడు డాక్టరు. నేను ఏడుస్తూ, నడిపించడం వల్లేనా బాబూ అని అడిగాను. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అన్నాడు.

ఆ మాట మా భావనపాడులో ఎవరి చెవికీ ఎక్కలేదు. వాళ్లకి తెలిసింది ఒక్కటే. నేను చెయ్యి వదిలేశాను, ఆయన పోయాడు.

ఇప్పుడు మా మరిది పడ్డాడు. ఆయనకి కుడి పక్క పోయింది, మాట కూడా పోయింది. గోడ అవతలే వాళ్లిల్లు. టెక్కలిలో మా ఆయనకి వ్యాయామం చేయించిన చోటికి తీసుకెళ్లండని నేను వాళ్ల కాళ్లా వేళ్లా పడుతున్నాను. తీసుకెళ్లడం లేదు. అందుకే ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు రాస్తోంది.

మా ఆయన తండేలు. అంటే పడవ మీద చుక్కాని పట్టేవాడు, మిగతా వాళ్లందరూ ఆయన మాట మీద వల వెయ్యాలి, తియ్యాలి. అలాంటి మనిషి ఒక పొద్దున వేట నుంచి వచ్చి, ఒడ్డున వలలో చేపలు విప్పుతూ, "ఈ సెయ్యి నాది కాదే" అన్నాడు. నేను వేళాకోళం అనుకున్నాను. అంతలోనే ఇసకలో పడిపోయాడు.

ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు వ్యాయామానికి తీసుకురండి, ఆలస్యం చెయ్యకండి అన్నారు. మేం తల ఊపి వచ్చేశాం. లేవలేని మనిషికి వ్యాయామం ఏంటి? పక్షవాతానికి పావురం నెత్తురు రాయాలని మా పెద్దలు చెబుతారు, అదే రాశాం. మనిషిని కదలనివ్వకూడదన్నారు, కదలనివ్వలేదు. ముద్ద కూడా నేనే నోట్లో పెట్టాను. నాకు అది ప్రేమ.

ఇక లేపడం. మా వాళ్లకి బరువు లేపడం ఒక్కలాగే తెలుసు, ఒడ్డుకి పడవ లాగినట్టు. మా పడవ వాళ్లు పొద్దున్నే వేటకి వెళ్తూ మా ఇంటికి వచ్చేవారు. తండేలుని కూర్చోబెట్టకుండా పడవ ఎక్కబుద్ధి కాదనేవారు. చచ్చుబడిన చేతిని జబ్బ దగ్గర ఇద్దరు పట్టుకుని, అందరూ ఒక్క కేక వేసి లాగేవారు. ఆయన కెవ్వుమనేవాడు. ఆ కేక వింటే మాకు పండగ.

"అరిసినాడు! అరిసినాడు! నొప్పి తెలుస్తన్నాదంటే సెయ్యికి పేణం వచ్చీసినట్టే!"

నేనూ అలాగే అనుకున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంకొంచెం లాగండి బాబూ అన్నది కూడా నేనే. రోజురోజుకీ కేక పెద్దదయ్యేది, మాకు ఆశ పెద్దదయ్యేది. అరచెయ్యి పొంగి బొద్దుగా అయింది. భుజం దగ్గర ఎముక కిందికి జారి పైన గుంట పడింది. ఆ గుంటలో నా వేలు పట్టింది. అప్పటికి మనిషి ఎవర్నీ దగ్గరికి రానివ్వడం మానేశాడు. మంచినీళ్లు కూడా తాగడం మానేశాడు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తాగితే దొడ్డికి తీసుకెళ్లమని నన్ను అడగాలి. సముద్రం మీద పది మందిని నడిపించినవాడు పెళ్లాన్ని అది అడగలేక, పెదాలు పగిలిపోయి పడుకున్నాడు.

ఈరోజు పొద్దున గోడ అవతల మా మరిది ఇదే కేక వేశాడు. వెనకాలే వాళ్ల సంబరమూ వినబడింది. నేను గోడకి నుదురు ఆనించి నిలబడిపోయాను.

ఊళ్లోకి వచ్చే నర్సమ్మ మా ఆయన భుజం చూసి తిట్టి, ఆటో ఎక్కించేదాకా కదల్లేదు. టెక్కలిలో వ్యాయామం చేయించే అమ్మాయి, ఫిజియో అంటారు, ఆ భుజం తడిమి చూసి ముందు నా ముఖం చూసింది.

"జబ్బ పట్టి ఎవరు లాగుతన్నారమ్మా?"

"అందరూనమ్మా. పేణం వస్తన్నాదని..."

"అది పేణం రావడం కాదు, కీలు జారడం. ఎముకని కీల్లో పట్టి ఉంచేది కండ. ఆ కండ ఇప్పుడు చచ్చుబడి ఉంది. మీరు లాగితే ఎముక దిగిపోద్ది. తాడు కాదిది."

ఇక ఆ చేతిని ఆయన కూర్చున్నప్పుడల్లా తలగడ మీద పెట్టమంది. పైకి లేపాలంటే చెయ్యి ముట్టుకోవద్దంది. ఆయన్నే చచ్చుబడని పక్కకి దొర్లి, ఆ మోచేతి మీద బలం పెట్టి, కాళ్లు మంచం కిందికి దించి లేవమంది. లేచి నిలబడాలంటే పాదాలు వెనక్కి లాక్కుని, తల ముందుకి, ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేలా వంగాలట. మేం ఇన్నాళ్లూ ఆయన్ని వెనక్కి లాగుతూ లేవమన్నాం.

ఆయనకి మొదట కోపం.

"సముద్రాన్ని దాటొచ్చినోణ్ణి. నాకు నడక నేర్పుతావేటే గుంటా?"

"సముద్రం మీద నడిసేవేటి తాతా? పడవలో కూసునే కదా దాటేవు. దిగు, నడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. పడ్డాక ఆ నవ్వు చూడడం నాకు అదే మొదలు.

వేగంగా ఏమీ జరగలేదు. ఒక వారం బాగుండేది, మరో వారం కాలు కర్రలా బిగుసుకుపోయేది. ఆటోలో వస్తూ ఏడ్చేవాడు. నేను పెట్టే ముద్ద మానమంది ఆ అమ్మాయి. కుడి చేత్తో తిననీ, చిందితే చిందనీ అంది. ఇంటి దగ్గర ఏం చేయించాలో చెబుతూ, వల ఉందా అని అడిగింది. పాత వల ఒళ్లో వేసి, ఎడం చేతి కింద వల ఆనించి కుడి చేత్తో ముడి వేయించమంది. ఎడం చెయ్యి ఊరికే బరువుగా ఉండేది మొదట. కొన్నాళ్లకి వేళ్లు వలని మెల్లగా మూశాయి. ఆ వేళ్లు మళ్లీ తెరుచుకోడానికి చాలా కష్టపడేవి. అయినా మూశాయి, నా కళ్లతో చూశాను. తర్వాత కుడి చేత కర్ర, ఎడం పక్కన నేను. పడబోతే నడుం పట్టుకోవాలి, లేకపోతే ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండడం నేర్చుకోడానికి ఆయన నడక కన్నా నాకే ఎక్కువ కాలం పట్టింది.

దొడ్డికి తనంతట తను వెళ్లొచ్చిన రోజు చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. ఇంకో చెంబు అడిగాడు.

ఇదంతా నా తోటికోడలికి చెబుదామని ఇవాళ మళ్లీ వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. మరిది గోడకి చేరబడి ఉన్నాడు, కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. తలగడ తీసి దాని కింద పెట్టబోయాను.

"ముట్టుకోకు అప్పా. నీ మొగుణ్ణి నడిపించి నడిపించి సంపుకున్నావు. నా మొగుణ్ణి నాకొగ్గీ."

"నాను సంపినానేటే?"

"మరెవులు? పట్టుకోమంటే ఒగ్గీసినావు. ఊరంతా సూసింది."

మరిది నా వైపే చూస్తున్నాడు. ఏదో అనాలని మూతి కదిలింది, మాట రాలేదు. నేను తలగడ అక్కడే పెట్టేసి వచ్చేశాను. వెనక నా తోటికోడలు దాన్ని తీసి మూలకి విసిరిన చప్పుడు వినబడింది. దాని తప్పు లేదు. భయం. నా మొగుడు బతికి ఉంటే నా మాట వినేది. చచ్చిపోయిన మొగుడిది ఏం సాక్ష్యం?

రాయి అమ్మీ, దానితో చెబుతున్నట్టే రాయి. మరిది బతుకుతాడని నేను ప్రమాణం చెయ్యలేను. మళ్లీ పడవ ఎక్కుతాడనీ చెప్పలేను. మా ఆయన ఎక్కలేదు. కాని మంచం మీద పడి కెవ్వుమన్న మనిషీ, తన ముద్ద తను తిన్న మనిషీ ఒకడు కాదు. నాకు ఇద్దరూ తెలుసు. రెండో మనిషి నాకు కొన్నాళ్లే దక్కాడు, ఆ కొన్నాళ్లూ ఆ టెక్కలి అమ్మాయి పెట్టిన భిక్ష. ఎంత తొందరగా వెళితే అంత మంచిదంది. మేం ఆలస్యంగా వెళ్లాం. నువ్వింకా ఆలస్యం చెయ్యలేదు. నా మీద కోపం ఉంటే నా మీదే ఉంచుకో, నా ముఖం చూడకు, ఆటోలో నేను రాను. తీసుకెళ్లు. తీసుకెళ్లేదాకా కనీసం ఆ జబ్బ పట్టి లాగనివ్వకు.

అంతే, ఇక ఆపు. నా మాట అయితే అది వినదు, నువ్వు వెళ్లి కాగితం చదివితే కూర్చుని వింటుందేమో. పొద్దు వాలక ముందే వెళ్దువు గాని. దానికన్నా ముందు నాకు చదివి వినిపించు అమ్మీ, మొదటి నుంచీ, నెమ్మదిగా. ఏడుపు ఎక్కువైన చోట చెప్పు, కొట్టేద్దాం. ఏడుపు వింటే అది తలుపు వేసేసుకుంటుంది. ఊఁ, చదువు.