జగ్గయ్య అడిగిన ఒక్క మాట

ఫిషింగ్ హార్బర్‌లో వలలు కుట్టే దొరబాబు కథ మొదలుపెడితే జెట్టీ మీద ఐసు కరిగిపోయేది. నమ్మకపోతే ఐసు మోసే కూలీలనే అడగొచ్చు. నెత్తిమీద బుట్టలు పెట్టుకుని ఒక్క నిమిషం విందామని ఆగేవాళ్లు, కథ అయ్యేసరికి బుట్ట ఖాళీ, వీపు తడి. హుద్‌హుద్ తుఫానులో ఆయన లుంగీ ఎగిరి వెళ్లి యారాడ కొండ మీది లైట్‌హౌసుకి చుట్టుకుందట. ఆ రాత్రి దీపం గళ్లుగళ్లుగా వెలిగిందట. దూరాన్నించి చూసిన ఓడలవాళ్లు ఇదేదో కొత్త దేశం అనుకుని వెనక్కి తిప్పుకున్నారట. ఆ లుంగీ ఇంకా తన ఇంట్లోనే ఉందనీ, ఒక మూల కాస్త కాలిందనీ కూడా చెప్పేవాడు. చూపించమంటే ఉతుకులో ఉందనేవాడు.

ఇంత నోరున్న మనిషికి ఒక్కచోట మాత్రం నోరు పెగిలేది కాదు. పెద జాలారిపేట వెనక సందులో రేకుల షెడ్డు వేసుకుని నడిచే చిన్న చర్చి ఉంది. అక్కడ.

ఆయన భార్య సాయిదుర్గ ఒకప్పుడు పచ్చకామెర్లతో మంచాన పడి లేచింది. ఆ రోజుల్లో ఇంటికొచ్చి ప్రార్థన చేసినవాళ్ల వెంట ఆమె చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆమెకు తోడుగా వెళ్లివెళ్లి దొరబాబూ బాప్తీస్మం తీసుకున్నాడు. నమ్మకంలో ఆయనకేమీ లోటు లేదు. వల కుడుతూ లోలోపల దేవుణ్ణి తలుచుకునేవాడు. పైకి మాత్రం ఒక్క మాట వచ్చేది కాదు.

కారణం భాష. పాస్టరు కామరాజుగారు ప్రార్థన మొదలుపెడితే అది బైబిలులో అచ్చు వేసినట్టే ఉండేది. మహోన్నతుడా అనేవారు, నీ పాదసన్నిధికి అనేవారు, దయచేయుదువు గాక అనేవారు. మాటలు ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండేవి. దొరబాబు భాష చేపల వాసన వేసే భాష. అది ఇంట్లోకి పనికొస్తుంది, బోటు మీదికి పనికొస్తుంది, తిట్టడానికైతే దాన్ని మించింది లేదు. దేవుడితో మాట్లాడేది మాత్రం పాస్టరుగారి భాషలోనే అని ఆయన తీర్మానించేసుకున్నాడు. ఆయనకి ఎవరూ అలా చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆదివారం ఆరాధన చివర ఒక్కొక్కరూ ప్రార్థన చెయ్యడం ఆ చర్చిలో అలవాటు. వరస తన దాకా వస్తోందనగానే దొరబాబు మెల్లిగా లేచి బయటికి జారుకునేవాడు. ఊరికే నిలబడితే బాగుండదని గుమ్మం ముందు చెప్పులు సర్దేవాడు. కుడిదీ ఎడమదీ జత కలిపి, మొగుడివీ పెళ్లానివీ పక్కపక్కన పెట్టి, పిల్లలవి ముందు వరసలో పేర్చేవాడు. విశాఖపట్నం మొత్తం మీద అంత క్రమశిక్షణ ఉన్న చెప్పులు నేవీవాళ్ల పెరేడ్‌లో కూడా కనిపించవని చర్చివాళ్లు నవ్వుకునేవారు. ఓ ఆదివారం గొడవపడి వచ్చిన మొగుడూ పెళ్లాలిద్దరూ బయటికొచ్చి తమ చెప్పులు ఆనుకుని ఉండడం చూసి రాజీపడ్డారని కూడా అంటారు. ఇది ఎవరు పుట్టించారో వేరే చెప్పక్కర్లేదు.

సాయిదుర్గకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఊరందరికీ అన్ని మాటలు చెప్తావు, ఆయనకొక్కటి చెప్పలేవా అని అడిగేది. నాకు సదువా సట్టుబండా అని దొరబాబు మాట దాటేసేవాడు.

జగ్గయ్య ఆయన చెల్లెలు పోతమ్మ భర్త. బావమరుదులన్న మాటే గానీ, ఇద్దరూ ఒక వల రెండు కొసలు పట్టుకుని పెరిగినవాళ్లు. జగ్గయ్య బోటు డ్రైవరు. చేప ఎక్కడుందో నీటి రంగు చూసి చెప్పేవాడు. తక్కువ మాట్లాడేవాడు. దొరబాబు కథలన్నిటికీ మొదటి శ్రోత ఆయనే, మొదటి సాక్షీ ఆయనే. లుంగీ కథలో ఎవరైనా అనుమానంగా చూస్తే, నాను సూసాను, గళ్లు ఎర్రవి అనేవాడు నవ్వకుండా. గంగమ్మ తల్లికి మొక్కకుండా బోటెక్కేవాడు కాదు. దొరబాబు చర్చికి వెళ్తే ఆయనకేమీ అభ్యంతరం లేదు.

అలాంటి మనిషి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఆసుపత్రిలో చెయ్యవలసిందంతా చేసి, ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు. దొరబాబు రోజూ ఉదయం పనికి పోతూ ఓ కథ చెప్పి పోయేవాడు. ఒక ఉదయం కథ మధ్యలో జగ్గయ్య చెయ్యెత్తి ఆపాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అన్నాడు.

“బావా, మా అమ్మోరికి నాను సెప్పుకున్నాను. మీ ఆయన నాకు పరిసయం లేడు. నీకు పరిసయం గదా. ఓ మాట సెప్పు.”

పోతమ్మ గ్లాసులో నీళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దొరబాబు పాస్టరుగారి మాటల్లో మొదటిది గుర్తు తెచ్చుకోబోయాడు, మహో దగ్గర ఆగిపోయింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి అడిగాడు, ఇక్కడ తప్పు పలికితే ఎలా, తన నోటితో అడిగితే దేవుడు చెయ్యబోయే మేలు కూడా చెయ్యడేమో అనుకున్నాడు. చేతులు ఖాళీగా ఉండలేక మంచం కింద చెప్పులు వెతికాయి. మంచాన పడ్డ మనిషికి చెప్పులెక్కడివి.

“ఉండు బావా, పాస్టరుగారిని తీసుకొస్తాను. ఇలా ఎల్లి అలా వచ్చేత్తాను,” అన్నాడు.

జగ్గయ్య ఏదో అనబోయాడు. దగ్గు అడ్డొచ్చింది. ఆ దగ్గు ఆగేలోగా దొరబాబు వీధిలో ఉన్నాడు.

కామరాజుగారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు. ఆదివారాల్లో వచ్చి ఈ చర్చి చూసుకునేవారు. ఫోను మోగుతోంది గానీ తియ్యడం లేదు. దొరబాబు బస్సెక్కాడు. విశాఖపట్నంలో ఆ చివర్నించి ఈ చివరికి పోవడమంటే మామూలు రోజునే ఓ ప్రయాణం. ఆ రోజు గాజువాక దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. క్వార్టరుకి చేరేసరికి పాస్టరుగారి భార్య తలుపు తీసి, ఆయన పొద్దున షిఫ్టులో ఉన్నారనీ, లోపల ఫోను దగ్గర ఉండదనీ, మధ్యాహ్నం దాకా రారనీ చెప్పి మంచినీళ్లిచ్చింది. కబురు చెప్పి వెళ్లమంది. దొరబాబు వెళ్లలేదు. ప్లాంటు గేటు దగ్గరికి పోయి, రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాడు.

ఆ కూర్చోవడమే తర్వాత ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఎదురుగా గేటు, పైన ఎండ, పక్కన మనిషి లేడు. తప్పు పలికినా వినేవాడు లేడు. అక్కడైనా ఆ ఒక్క మాట అనొచ్చు. ఆయనకి తట్టనే లేదు. సైరను ఎప్పుడు కూస్తుందా అని మాత్రమే చూశాడు.

షిఫ్టు దిగిన కామరాజుగారు విషయం విని, బట్టలైనా మార్చుకోకుండా బండి తీశారు. దారిలో అడిగారు, ఈలోగా నువ్వు ప్రార్థన చేశావా దొరబాబూ అని. నా మాట ఏటి మాట సార్, మీలాగ నాకెక్కడొస్తాది అన్నాడు దొరబాబు వెనక సీటు మీంచి.  కొంతదూరం పోయాక బండి ఎందుకో నెమ్మదించింది, మళ్లీ వేగం అందుకుంది.

సందు మొదట్లోనే ఏడుపు వినపడింది.

జగ్గయ్య ముఖం గుమ్మం వైపు తిరిగి ఉంది. పోతమ్మ అన్నని చూసి కేకలు పెట్టలేదు. పెడితే బాగుండేది. నువ్వెళ్లిన కాడినించీ తలుపు వైపే చూశాడని చెప్పింది. తర్వాత ఇంకొక్క మాట అంది.

“ఆయన అడిగింది నిన్ను గదా అన్నయ్యా. పాస్టరుగారిని అడగలేదు గదా.”

ఆ రోజు నించి హార్బర్‌లో ఐసు కరగడం మానేసింది. కూలీలు బుట్టలతో వచ్చి ఓ క్షణం ఆగి, దొరబాబు తల ఎత్తకపోవడం చూసి వెళ్లిపోయేవాళ్లు. లుంగీ కథకి సాక్షి లేడు. చర్చికి వెళ్తున్నాడు గానీ గుమ్మం దగ్గర చెప్పుల మధ్యే కూర్చుంటున్నాడు. కామరాజుగారు రెండు మూడుసార్లు లోపలికి పిలిచారు. ఒక ఆదివారం ఆయనే బయటికొచ్చి పక్కన కూర్చున్నారు. నేను పుస్తకాల భాషలో ప్రార్థించి నీకు అదే దేవుడి భాష అనిపించేలా చేశాను, నా పొరపాటు కూడా ఉంది అన్నారు. దొరబాబు తల అడ్డంగా ఊపాడు. మంచం పక్కన నిలబడింది పాస్టరుగారు కాదు.

సాయిదుర్గ రోజూ సాయంత్రం ఆయనకి బైబిలు చదివి వినిపించేది. ఓ సాయంత్రం మోషే కథ వచ్చింది. గొర్రెలు కాసుకుంటున్న మనిషిని దేవుడు మండుతున్న పొదలోంచి పిలిచి, రాజు దగ్గరికెళ్లి మాట్లాడమంటాడు. నాకు మాట సరిగా రాదు, నాలుక మందం, ఇంకెవరినైనా పంపు అని మోషే వంకలు పెడతాడు. మనిషికి నోరిచ్చింది ఎవరు, నేను కాదా అని అడుగుతాడు దేవుడు. అయినా మోషే కదలడు. చివరికి అన్నగారు అహరోను అతని తరఫున మాట్లాడేట్టు ఏర్పాటవుతుంది.

దొరబాబు వల పక్కన పెట్టాడు.

“అయితే ఆడూ పాస్టరు కోసం ఎల్లాడన్నమాట.”

సాయిదుర్గకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. పేజీలో వేలు పెట్టి వెతికి, దేవుడికి అతని మీద కోపం వచ్చిందని కూడా ఇక్కడే ఉంది అని చెప్పింది.

“నత్తిగా మాటాడతాడనా కోపం?”

“కాదు. నోరిచ్చినోణ్ణి నమ్మలేదని.”

ఆయన ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివింది. మర్నాడూ అదే చదవమన్నాడు. అంత కోపం వచ్చాక కూడా దేవుడు మోషేని వదిలిపెట్టలేదు గదా, ఆ పనికి అతన్నే పంపాడు గదా అని ఒకసారి తనలో తను అనుకున్నట్టు అన్నాడు. 

వేసవిలో వేట నిషేధం వచ్చింది. ఆ రోజులన్నీ బోట్లు ఒడ్డుకు కట్టేసి ఉంటాయి, రంగులేస్తారు, వలలు బాగుచేస్తారు. జగ్గయ్య నడిపిన బోటుకి ఇప్పుడు ఆయన కొడుకు కోటి డ్రైవరు. దాని వల మొత్తం దొరబాబే కుట్టాడు, ఒక్కో కన్నూ రెండుసార్లు లాగి చూస్తూ. నిషేధం ముగిసి బోట్లు వెళ్లే రోజున జెట్టీ అంతా పసుపూ కుంకుమా పూలూ. కోటి బోటు ముందు గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. పూజ అని అందరూ చెప్పులు ఒడ్డున విప్పి ఎక్కారు. ఇంక తాడు విప్పుతారనగా పోతమ్మ చెయ్యెత్తి కలాసీలను ఆపింది. వలల కుప్ప దగ్గర నిలబడ్డ దొరబాబు వైపు తిరిగింది.

“అన్నయ్యా. ఆయన అడిగిన మాట ఇప్పుడు సెప్పు.”

 దొరబాబు చూపు గబుక్కున చెప్పుల కుప్ప మీదికి పోయింది. ఎన్ని చెప్పులో, ఎంత చిందరవందరగా ఉన్నాయో. చెయ్యి అటు కదిలింది కూడా. కోటి బోటు మీద నిలబడి తండ్రిలాగే ఏమీ అనకుండా చూస్తున్నాడు.

దొరబాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మహో అన్న మాట కోసం ఈసారి వెతకలేదు.

“అయ్యా. నాను దొరబాబుని. ఒలలు కుట్టుకునోణ్ణి, నీకు తెల్సు. మా బావ జగ్గయ్య నీకో మాట సెప్పమన్నాడు. ఆ రోజు సెప్పలేకపోనాను. ఇప్పుడు సెప్తన్నాను. ఆడు మంచోడు. ఆడి కొడుకు బోటేసుకుని ఎల్తన్నాడు. సూసుకో. ఆమెన్.”

ఆకాశం విరిగిపడలేదు. పక్క బోటు మీది కాకి ఎగిరి ఇంకో బోటు మీద వాలింది. కోటి తాడు విప్పమని సైగ చేశాడు.

పోతమ్మ అన్న దగ్గరికొచ్చింది.

“ఇంతేనా?”

“ఇంతే.”

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుని, దూరమవుతున్న బోటు వైపు చూస్తూ, కోపమేమీ లేకుండా అంది.

“దీనికి ఉక్కునగరం దాకా ఎల్లావా అన్నయ్యా.”

ఇప్పుడు దొరబాబు చర్చిలో లోపలే కూర్చుంటాడు. వరస వచ్చినప్పుడు తన భాషలోనే మాట్లాడతాడు, పొట్టిగా. జాలారిపేటలో ఎవరికైనా బాగోకపోతే కబురు పెడతారు, వెళ్లి మంచం పక్కనే కూర్చుంటాడు, ఎక్కడికీ లేచి వెళ్లడు. హార్బర్‌లో ఐసు మళ్లీ కరుగుతోంది. లుంగీ ఈమధ్య లైట్‌హౌసు నించి ఒడిశా దాకా ఎగిరింది. గళ్లు ఏ రంగని ఎవరైనా అడిగితే మాత్రం, పక్కన ఇంకెవరో చెప్తారన్నట్టు కాసేపు ఆగుతాడు.

బావ గురించి అడిగినవాళ్లకి కూడా చెప్తాడు. గేటూ, పిట్టగోడా, ఎండా, గుమ్మం వైపు తిరిగిన ముఖం. ఆ కథలో ఒక్క ముక్క కూడా కలపడు.