మొలకెత్తని విత్తనాలు

నా చిన్నప్పుడు ఒక్క ఆదివారం మాత్రం మా తాతయ్య చర్చికి వెళ్లలేదు. ఆ రోజు నేను పడిన భయం ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

రాజమండ్రికి దగ్గర్లోని ఒక ఊళ్లో తాతయ్యకు విత్తనాల కొట్టు ఉండేది. ఏ విత్తనమైనా మొలకెత్తించి చూసుకున్నాకే అమ్మేవాడు. ఆ ఏడు కాలవలకు నీళ్లు ముందుగా వదిలారు. రైతులు తొందరపెట్టారు. తాతయ్య మొలక చూడకుండానే వరి విత్తనాలు అమ్మేశాడు. మనసు ఒప్పక, మిగిలిన బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టాడు. శనివారం విప్పి చూస్తే ఎక్కడో ఒకటీ అరా తప్ప మొలకే లేదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చర్చికని నన్ను సైకిలెక్కించుకుని, గుమ్మం దాటగానే కాలవగట్టు వైపు తిప్పాడు. మామ్మ వెనకనుంచి కంగారుగా, "ఆరాధన అయ్యాక వెళ్లొచ్చు కదండీ. చిన్నపిల్లతో వెళ్తున్నారు, ఆ రైతులు కొడితేనో?" అంది.

"ఈలోగా నారు పోసే ఆకుమళ్లలో చల్లేస్తారే. ముందు వాళ్లకి మొహం చూపించాలి, ఆ తర్వాతే ప్రభువుకి" అన్నాడు తాతయ్య.

పక్క ఊళ్లో రైతులు రామాలయం అరుగు మీద కూర్చుని ఉన్నారు. తాతయ్య సైకిలు దిగి, చేతులు కట్టుకుని, "నేనిచ్చిన విత్తనాలు మొలవడం లేదండి. చల్లకండి" అన్నాడు. అందరూ ఒక్కసారిగా మీదికొచ్చారు. పొడుగాటి రైతు ఒకాయన తాతయ్య కాలరు పట్టుకుని, "నమ్మి కొన్నందుకు మా నోట్లో మట్టి కొడతారా ఏంటండీ!" అని అరిచాడు. నేను తాతయ్య పంచె గట్టిగా పట్టుకున్నాను. తాతయ్యని ఇక్కడే చంపేస్తారనుకున్నాను.

ఎవరో పెద్దాయన జాలిపడి, "మీకు అమ్మిన టోకు వ్యాపారే మోసం చేశాడని చెప్పండి, పోనీ" అన్నాడు.

"ఎవరిచ్చినా మీకు అమ్మింది నేనండి. చూడకుండా అమ్మాను" అన్నాడు తాతయ్య.

నేను బావురుమన్నాను. నన్ను చూసి ఆ పొడుగాటాయన కాలరు వదిలేశాడు.

ఆ వారమంతా తాతయ్య పెనుగొండ వైపు ఊళ్లన్నీ తిరిగి మంచి విత్తనాలు తెచ్చి ఇంటింటికీ ఇచ్చాడు. ఊడ్పులు ఆలస్యమైనా పంట చేతికొచ్చింది. అయినా కొందరు రైతులు మళ్లీ మా కొట్టు మెట్లెక్కలేదు. కాలరు పట్టుకున్నాయన మాత్రం వచ్చేవాడు. ఆ రోజు సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ ఆదివారం తిరిగొస్తూ తాతయ్య సైకిలెక్కలేక నడిపించుకొచ్చాడు. "నీకు భయం వెయ్యలేదా తాతయ్యా?" అని అడిగాను.

"వేసిందమ్మా. ఇంకా వేస్తూనే ఉంది" అన్నాడు.

పెద్దయ్యాక నేను రాజమండ్రిలో మందుల షాపు పెట్టి చాలా ఏళ్లు నడిపాను. ఇచ్చిన మందులో తేడా వచ్చిందని కొన్నవాళ్లింటికి వెళ్లి చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు భయం వేసేది. భయం తగ్గాక వెళ్దామని మాత్రం ఎప్పుడూ ఆగలేదు.