పైకి లేచిన పేరు

మా అక్క మొగుడు ఎలక్ట్రీషియన్‌గా దుబాయి పోయి అక్కడే సూపర్‌వైజర్ అయ్యాడు. రెండేళ్లకోసారి సెలవు మీద ఆర్మూర్ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, మందపాటి దుప్పట్లు తెచ్చి చుట్టాలందరికీ పంచేవాడు. తొంభైల్లో ఒకసారి మాత్రం ఎవరికీ పంచలేని వస్తువు ఒకటి తెచ్చాడు. సన్నటి తెల్లచొక్కా జేబులో, బయటికి మెరిసేట్టు పెట్టుకున్న బంగారు రంగు కార్డు.

"క్రెడిట్ కార్డు గిది. జేబుల పైస లేకున్నా దుకాన్ల ఏది కావాల్నంటే గది తెచ్చుకోవచ్చు," అన్నాడు బావ, మా ఇంట్లో చాయ్ తాగుతూ.

"అంటే ఉద్దెరనా బిడ్డా?" అని అడిగింది మా అత్తమ్మ.

బావ మొహం చిన్నబోయింది. "గట్లంటవేంది పెద్దమ్మా? గిది అందరికియ్యరు. పెద్ద పెద్దోళ్లకే ఇస్తరు."

అత్తమ్మ తప్పేమీ అనలేదు. మా ఊళ్లో ఉద్దెర అంటే తల వంచుకుని అరువు తెచ్చుకునేది. కిరాణా కొట్టు ముందు జనం పలచబడేదాకా ఆగి, అప్పుడు గొంతు తగ్గించి కిలో చక్కెర అడిగేవాళ్లు. పసుపు అమ్ముడుపోయి చేతిలో డబ్బు పడగానే ముందు తీర్చేది ఆ బాకీయే. అలాంటి ఉద్దెర బంగారు రంగు పూసుకుని జేబులోంచి తొంగి చూస్తుంటే ఆమెకు వింతగా ఉండదా మరి!

మా ఆయన ఆ కార్డును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్. తోడల్లుడి కంటే చదువు ఎక్కువ, సంపాదన తక్కువ. ఈ రెండూ ఆయన కడుపులో ఎప్పుడూ కొట్లాడుకుంటూనే ఉండేవి. ఆయనకు ఆ కార్డులో బంగారు రంగు కనిపించింది. నాకు దానిమీది పేరు కనిపించింది.

మా ఇంట్లో స్టీలు సామానంతా పేర్లతోనే ఉండేది. గిన్నె కొంటే దుకాణంవాడు చిన్న ఉలి, సుత్తి తీసుకుని టకటకా పేరు కొట్టి ఇచ్చేవాడు. నా పెళ్లికి వచ్చిన బిందెల మీద, టిఫిన్ డబ్బాల మీద మేనమామల పేర్లు, నాన్న దోస్తుల పేర్లు, ఎవరో కాంట్రాక్టర్ పేరు కూడా ఉన్నాయి. ఆ తర్వాత మేం కొన్నవాటి మీద మా ఆయన పేరు. ఆ పేర్లన్నిటినీ రోజూ తోమి, కడిగి, బోర్లించేది నేను. నా పేరు ఒక్క చెంచా మీద కూడా లేదు. అత్తమ్మ నన్ను 'పిల్లా' అనేది, మా ఆయన 'ఏమే' అనేవాడు, వాడకట్టుకు నేను 'సార్ వాళ్లింటామె'ని. నా పేరు నాకే దూరపు చుట్టంలా ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేది.

బావ కార్డు మీద పేరు ఊరికే అచ్చేసింది కాదు. ప్లాస్టిక్‌లోంచి పైకి ఉబికి, వేలితో తడిమితే తగులుతోంది. నా పేరు కూడా అలా చూసుకోవాలనిపించింది. ఉత్త సరదాకు కాదు, గట్టిగానే కావాలనిపించింది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన ఆ వారంలోనే నిజామాబాద్ పోయి ఒక బ్యాంకులో దరఖాస్తు పెట్టాడు. కొన్నాళ్లకు 'ఇవ్వలేం' అని జవాబొచ్చింది. ఇంట్లో ఫోన్ లేదట. దాంతో అప్పటిదాకా సరదాగా ఉన్నది కాస్తా పంతమైంది. బ్యాంకువాళ్లే వెంటపడి ఇచ్చి ఉంటే ఆయన దాన్ని టేబుల్ సొరుగులో పడేసి మరిచిపోయేవాడు. ఇవ్వబోమన్నారు కాబట్టి అది లేకుండా బతకలేనంత అయ్యింది. ఫోన్ కోసం అర్జీ పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఇంటికి ఎర్ర ఫోన్ తెచ్చాడు. ఫోన్ వచ్చిన సంబరం కూడా పడకుండా మళ్లీ బ్యాంకుకు పరుగెత్తాడు.

ఈసారి బ్యాంకు నుంచి ఒకాయన విచారణకు వచ్చాడు. అత్తమ్మ వాకిట్లో పసుపు కొమ్ములు ఎండబోస్తోంది. 'బ్యాంకు నుంచి వచ్చాను' అనగానే అప్పు వసూలుకు వచ్చాడనుకుంది. నడుముకు చెంగు బిగించి, "మేమెవ్వలకు ఒక్క పైస బాకీ లేము. గావాల్నంటే గీ వాడకట్టంత అడుగు పో!" అని అరిచింది. ఆయన నవ్వుకుని, నేనిచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. కార్డు మంజూరైంది ఆ కేకవల్లనే అని నేను ఇప్పటికీ అంటాను.

వచ్చింది బంగారు రంగుది కాదు, మామూలు నీలం రంగుది. అయినా ఇంట్లో పండగే. అత్తమ్మకు చదువు రాదు. కార్డు మీద బొటనవేలు ఆనించి, అక్షరాల మీదుగా మెల్లగా జరిపింది.

"గిన్నె మీద గొడితె పేరు లోపలికి పోతది. గిది సూడు, పైకి లేసింది," అంది మురిపెంగా.

దానికి ఏడాదికోసారి ఫీజు కట్టాలని చెప్తే మాత్రం ఆమెకు నవ్వాగలేదు. "ఉద్దెరిచ్చెటోనికి ఎదురు మనమే పైసలియ్యాల్నా? మస్తుంది బేరం!"

ఆర్మూర్‌లో ఆ కార్డు ఏ దుకాణంలోనూ చెల్లేది కాదు. బట్టల కొట్టులో చూపిస్తే సేటు దాన్ని పక్కకు జరిపి మీటరు బద్ద అందుకున్నాడు. మా ఆయన మాత్రం పట్టు వదల్లేదు. జేబులో కార్డు బయటికి కనపడేట్టు సన్నటి బట్ట తెచ్చి రెండు తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు. కాలేజీ అటెండరు "గదేంది సార్, బస్ పాసా?" అని అడిగిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

బావ మళ్లీ సెలవు మీద వచ్చి కొత్త ఇల్లు పూర్తి చేశాడు. గృహప్రవేశానికి అక్కాబావలకు మేం బట్టలు పెట్టాలి. "హైదరాబాద్ పోదాం. వాళ్లను గూడ రమ్మను, నచ్చింది తీసుకుంటరు," అన్నాడు మా ఆయన. బావ కళ్ల ముందు కార్డు తీసి ఇవ్వాలన్నదే ఆయన కోరిక అని నాకు తెలుసు. కావాలనే జేబులో బస్ ఛార్జీలకు, టిఫిన్‌కు సరిపడా తప్ప డబ్బు పెట్టుకోలేదు.

పెద్ద దుకాణం, చల్లటి గాలి. అక్క ఒక పట్టుచీర, బావ ప్యాంటు షర్టు బట్టలు ఎంచుకున్నారు. మా ఆయన కౌంటర్ దగ్గర గొంతు సవరించుకుని, రెండు వేళ్లతో కార్డు తీసి అందించాడు. అక్కడి అబ్బాయి దాన్ని మిషన్‌లో పెట్టబోయి, ఎందుకో వెనక్కి తిప్పి చూశాడు.

"సార్, సంతకం ఏది?"

కార్డు వెనక తెల్లటి పట్టీ ఉండాల్సిన చోట పచ్చగా ఉంది. సంతకం జాడ లేదు.

అప్పుడు వెలిగింది నాకు. మా ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా అత్తమ్మ పసుపు, కుంకుమ పెడుతుంది. స్కూటర్‌కు పెట్టింది, టీవీకి పెట్టింది. ప్రతి శుక్రవారం పొద్దున ఆయన స్నానానికి పోగానే, పోయిన వారం మరకను తడిగుడ్డతో తుడిచి కార్డుకూ మళ్లీ పెడుతోంది. కొడుకు పేరు మీద పసుపు పెడితే అక్షరాలు మూసుకుపోతాయని, వెనక తెల్లగా కనిపించిన చోట పెట్టింది పాపం. అంగడిలో దొరికే పసుపు కాదు, మా పొలంలోది. సిరా పెన్నుతో చేసిన సంతకం దాని ముందు ఏం నిలుస్తుంది?

ఫోన్లు చేశారు, మేనేజర్‌ను పిలిచారు. వెనక సంతకం లేని కార్డు చెల్లదన్నారు. బావ చిరునవ్వుతో జేబులోంచి బంగారు రంగు కార్డు తీశాడు. "ఫికర్ చెయ్యకు తమ్మీ, తర్వాత సూసుకుందాం." మిషన్ కర్రుమంది. అలా మేం పెట్టాల్సిన బట్టలకు, పెట్టించుకునేవాడే డబ్బు కట్టాడు.

తిరుగు బస్సులో కామారెడ్డి దాటేదాకా మా ఆయన కిటికీలోంచి తల తిప్పలేదు. నాకు ఆయన్ను చూస్తే జాలేసింది, అంతలోనే నవ్వూ వచ్చింది. డిచ్‌పల్లి దగ్గర ఇక ఆగలేక నవ్వేశాను. ఆయన కోపంగా చూశాడు. ఆ తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

అదే అదను అనుకుని అడిగేశాను. "కొత్త కార్డుకు పెడ్తవు గదా, ఇంట్లోళ్లకు గూడ ఒకటిస్తరట. నా పేరు మీద తెప్పియ్యి."

"నీకెందుకే? ఆర్మూర్‌ల దాంతోని ఏం జేస్తవ్?"

"నీ దాంతోని నువ్వేం జేసినవ్?"

ఆయన మళ్లీ నవ్వేశాడు. బావకు బాకీ తీర్చిన నెలలోనే రెండు కార్డులకు కాగితాలు పంపాడు.

నా కార్డు వచ్చిన రోజు ఇంట్లో మేమిద్దరం అత్తాకోడళ్లమే ఉన్నాం. నా పేరును చూశాను. వేలితో తడిమాను. మళ్లీ తడిమాను.

"ఏది, నీ పేరెక్కడున్నది?" అంటూ అత్తమ్మ పక్కన కూర్చుంది. ఆమె బొటనవేలును పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టాను. చివరిదాకా జరిపి, వేలు అక్కడే ఆపింది. మెల్లగా అడిగింది.

"నా పేరు గూడ గిట్ల లేస్తదా పిల్లా?"

నా పేరు గురించి అన్నేళ్లు కుమిలిన నాకు, ఆమె పేరు సంగతి ఎన్నడూ తట్టలేదు. ఆమె అందరికీ సార్ వాళ్లమ్మ. పేరుపెట్టి పిలిచే పుట్టింటివాళ్లు ఎప్పుడో పోయారు. ఓట్లప్పుడు జాబితా చదివేవాడి నోట తప్ప ఆ పేరు పైకి వినపడేది కాదు. "బ్యాంకోళ్లు ఇయ్యరేమో అత్తమ్మా," అన్నాను. "ఇయ్యరులే," అని లేచి, పసుపు భరిణె తెచ్చి నా కార్డుకు బొట్టు పెట్టింది. ఈసారి ఓ మూలకు, జాగ్రత్తగా.

మరునాడు నేను స్టీలు దుకాణానికి పోయి పెద్ద బిందె తీసుకున్నాను. కార్డు పర్సులో ఉంది, డబ్బు మాత్రం నోట్లతోనే కట్టాను.

"సార్ పేరేనా అమ్మా?" అన్నాడు దుకాణంవాడు ఉలి తీసుకుంటూ.

"కాదు," అని అత్తమ్మ పేరు చెప్పాను. నా నోటితో ఆ పేరు అనడం అదే మొదటిసారి. పెద్ద అక్షరాలతో కొట్టమన్నాను.

ఇంటికి తెచ్చి ఇస్తే ఆమె బొటనవేలితో తడుముకుంది. "లోపలికే పోయింది గదా," అంది.

"పోతె పోనీ అత్తమ్మా. ఎంత తోమినా చెరగదు."

రోజూ పంచాయతీ నల్లా నుంచి నీళ్లు నెత్తిన పెట్టుకుని తెచ్చే అత్తమ్మ, ఆ మరుసటి పొద్దున బిందెను చంకన పెట్టుకుంది, పేరు బయటికి కనపడేట్టు. నేను వెనకే ఇంకో బిందెతో వస్తున్నాను. పక్కింటామె ఆపి, "కొత్త బిందెనా? ఎవలు పెట్టిన్రు?" అని అడిగింది.

అత్తమ్మ బిందెను ఇంకాస్త ఆమె వైపు తిప్పింది.

"ఎవ్వలు పెట్టలే. నా పేరు మీద వచ్చింది. గిది నా కార్డు."